టైర్లను అడిగే కట్టె

పొద్దున కారు తీస్తుంటే నాలుగు టైర్లల్ల గాలి సరిగనే ఉన్నట్టు ముందున్న తెర చూపించింది. అయినా నా చెయ్యి సీటు కింద బాపు కట్టె కోసం దేవులాడింది.

బాపు గోదావరిఖనిల బొగ్గుబాయి కార్మికుడు. మాకో పాత కారుండేది. ఎటు బయలెల్లినా, ముందు నాలుగు టైర్లను కట్టెతోని కొట్టి, చెవి పెట్టి వినేటోడు. కారు ఏదో తప్పు చేసిందేమో, అందుకే కొడుతున్నడనుకునేదాన్ని. ఆయన వెనకనే పోయి ఒక్కొక్క టైరును నిమిరేదాన్ని.

ఒకసారి పెద్దపల్లిల మా చిన్నమ్మ పెండ్లికని అందరం కార్ల కూసున్నం. వెనక టైరు కాడ బాపు ఆగిండు. మళ్లొకసారి కొట్టిండు.

"అందరు దిగుండ్రి."

"నా చెల్లె పెండ్లయ్యా, ముహూర్తం దాటిపోతది!" అని అమ్మ గయ్యిమన్నది.

నాకు ఏడుపొచ్చింది. "బాపూ, దాన్నెందుకు కొడుతవ్?"

"కొడ్తలేను బిడ్డా, అడుగుతున్న. బాయిల పైకప్పును గూడ గిట్లనే అడుగుతం. గట్టిగ పలికితెనే దాని కిందికి పోతం. డొల్లగ పలికితె పోం."

చక్రం ఊడదీస్తే, టైరు లోపలి దిక్కు ఇంత పొడుగు ఇనుప మొల దిగి ఉంది. స్టెప్నీ ఎక్కించుకొని పోయేసరికి తలంబ్రాలు అయిపోయినయి. అమ్మ రెండు రోజులు బాపుతోని మాట్లాడలే.

షిఫ్టు అయినంక బాపు ఇంటికొచ్చుడు మాకు రోజూ ఉండే ముచ్చటే అనుకున్న. ఆయన రోజూ ఆ బాయి పైకప్పును అడిగి, అది చెప్పింది విని వచ్చుడని పెద్దయినంక తెలిసింది.

ఇయ్యాల నాలుగు టైర్లను అడిగిన. నాలుగూ గట్టిగనే పలికినయి. కట్టె లోపల పెట్టి, చిన్నప్పటి లెక్కనే ఒక్కొక్కదాన్ని నిమిరిన.