సువార్తమ్మ గారి దగ్గర నేనాడిన బేరం

గ్రంథాలయంలో బేరమాడిన మనిషి ఖరగ్‌పూర్ మొత్తానికి నేనొక్కడినే. గొప్పగానే చెబుతున్నాను. చేపల దగ్గర, చీరల దగ్గర, టోటో రిక్షా ఎక్కేముందు ఎవరైనా బేరమాడతారు. పైసా పుచ్చుకోకుండా పుస్తకం తెచ్చి చేతిలో పెట్టే మనిషితో, నాకేం కావాలో అంతుపట్టనివ్వకుండా, మూడు వారాలపాటు బేరం నడిపించినవాణ్ణి నేను. నిన్న గోల్‌బజార్‌లో జిరాక్స్ కొట్టు ముందు నిలబడి ఏవో కాగితాలు తీయిస్తుంటే, యంత్రంలోంచి వెచ్చటి కాగితం వాసన ముక్కుకు తగిలింది. దాంతో సువార్తమ్మ గారు గుర్తొచ్చారు. కట్ట చేత్తో పట్టుకుని, వెనకనున్నవాళ్లు "ఓ దాదా, ఏక్‌టు సోరున్!" అని పక్కకు తోసేదాకా అక్కడే నిలబడిపోయాను.

న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో తెలుగువాళ్ల సంఘం హాలు వెనక ఒక గది ఉండేది. అదే రీడింగ్ రూమ్. బడి లైబ్రేరియన్‌గా రిటైరైన సువార్తమ్మ గారు జీతం లేకుండా దాన్ని చూసేవారు. ఆవిడ తాత కోస్తా నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాప్‌లో కొలిమి దగ్గర పనిచేశాడట. ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉండేది. పుస్తకం పేరు చెబితే ఇచ్చేవారు కారు. పాత క్యాలెండర్ కాగితాలు చీటీలుగా కోసి బల్ల మీద పెట్టుకునేవారు. చీటీ మీద మనం తెలుసుకోవాలనుకున్నది ఒకే ఒక్క వాక్యంలో రాసివ్వాలి. ఇక ఆవిడ ఆ చీటీ వెంటపడతారు. అలమారలు, తెలిసినవాళ్ల ఇళ్లు, కలకత్తాలో పెద్ద లైబ్రరీలో పనిచేసే మేనల్లుడు, చివరికి ఇంటర్నెట్. ఎక్కడెక్కడ వెతికారో, ఎక్కడ దొరకలేదో చీటీ వెనక రాసేవారు. దొరకనివి రాయడమెందుకని అడిగితే, "రేపు మరోడొచ్చి అదే గోడకి తల కొట్టుకోకుండాను" అనేవారు.

నేను పెరిగింది గోల్‌బజార్‌లో, మా నాన్న బట్టల కొట్టులో. నడక రాకముందే గుడ్డ తాను విప్పడం చూశాను. మా వీధి పిల్లలకు మొదట నేర్పే విద్య ఏమిటంటే, కావలసిన వస్తువు వైపు చూడకూడదు. ముందు అక్కర్లేనివి నాలుగు తీయించాలి, పెదవి విరవాలి, లేచి పోబోతూ అసలుదాన్ని కాలితో చూపించినట్టు చూపించి "అదెంతలే" అనాలి. అవసరం బయటపడితే ధర పెరుగుతుంది. ఈ విద్యలో నన్ను మించినవాడు లేడని మా నాన్న ఇప్పటికీ అంటాడు. అది మెచ్చుకోలేనా అని నాకు ఇప్పుడు అనుమానం.

దూరవిద్యలో చరిత్ర ఎమ్మే చేస్తున్న రోజులవి. చివరి వ్యాసం ఒక్కటి మిగిలింది. అది గడువులోగా పంపితే తెలుగు బడిలో చరిత్ర మాస్టారు ఖాళీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. లేకపోతే కొట్టులో గల్లా పక్కన నాకోసం మా నాన్న కొత్త పరుపు కుట్టించి సిద్ధంగా ఉంచాడు. ఆ పరుపు చూస్తే నాకు ఊపిరాడేది కాదు. నా వ్యాసం మొదటి తరం వర్క్‌షాప్ కార్మికుల పిల్లలు ఏ బడిలో, ఏ భాషలో చదువుకున్నారన్న దాని మీద. ముందు ఫోన్లో వెతికాను. మా ఊరి పేరు కొడితే పొడవాటి ప్లాట్‌ఫాం వస్తుంది, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష కోచింగ్ వస్తుంది, హోటల్ గదులు వస్తాయి. చరిత్ర అని చేరిస్తే అదే ప్లాట్‌ఫాం ఇంకాస్త పొడవుగా వస్తుంది. పాత రిపోర్టులు స్కాన్ చేసి పెట్టిన చోటు ఒకటి దొరికింది. అందులో సగం పేజీలు తలకిందులు. నాకు కావలసిన పట్టిక ఉన్న పేజీ మీద మాత్రం స్కాన్ చేసిన మహానుభావుడి బొటనవేలు పడుకుని ఉంది. గోరు పెరిగి ఉందని కూడా తెలుస్తోంది, వేలి కింద అంకె మాత్రం తెలియదు. అప్పుడు రీడింగ్ రూమ్‌కు వెళ్లాను.

"ఏటి బాబూ, సావుకారు గారి అబ్బాయివి కదూ? ఏటి కావాల?" అన్నారు సువార్తమ్మ గారు చీటీ ముందుకు తోసి. అలవాటు చెయ్యి నడిపించింది. 'బెంగాల్ పాత నాణేలు ఎక్కడ ముద్రించేవారు?' అని రాశాను. నా మనసులో లెక్క సాఫీగానే ఉంది. నాణేలు, తరవాత నవాబులు, తరవాత నీలిమందు తోటలు. బాగా అలవాటయ్యాక, లేచి పోబోతూ, అసలుది. నా అవసరం తెలిస్తే ఆవిడ ఏ ధర పెంచుతారని భయపడ్డానో నాకిప్పటికీ తెలియదు. ధర లేదక్కడ. కానీ ధర లేని చోట ఎలా మసలుకోవాలో మా వీధిలో ఎవరూ నేర్పలేదు.

ఆవిడ ఆ నాణేల వెంట పడ్డారు చూడండీ, అదొక శిక్ష. మేనల్లుడికి ఫోన్ చేశారు. అతడు నలభై పేజీలు ఫొటోలు తీసి పంపాడు. వాటిని ఆవిడే అచ్చు తీయించి, కూర్చుని వరస పెట్టి, నా ముందు పరిచి, "కూకోని రాసుకో, నాను పక్కనే ఉంటాను" అన్నారు. నాకు నాణేలంటే రవ్వంత ఇష్టం లేదు. అయినా రెండు రోజులు కూర్చుని, శ్రద్ధ ఉన్న ముఖం పెట్టి నోట్సు రాశాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ మురిసిపోయారు. "ఇంత ఆశగా సదివేవోడు ఈ గదికి రాక ఎన్నాళ్లయ్యిందో" అన్నారు. మూడో వారం చివర, చెప్పులు తొడుక్కుంటూ, నా విద్యనంతా గొంతులోకి తెచ్చుకుని, "ఊరికే అడుగుతున్నానమ్మా, మనవాళ్ల పాత బడుల మీద ఏమైనా ఉంటాయా?" అన్నాను.

"ఊరికే అయితే ఎందుకులే బాబూ. నీ నాణేలు సూసుకో ముందు" అన్నారావిడ, తలెత్తకుండానే.

గడువు పది రోజుల్లోకి వచ్చాక ఓటమి ఒప్పుకున్నాను. ఒక మధ్యాహ్నం వెళ్లి కొత్త చీటీ మీద నిజం రాశాను. సువార్తమ్మ గారు చదివారు. కళ్లజోడు తీసి మళ్లీ చదివారు. ఆవిడ ముఖంలో రంగు దిగిపోవడం చూసి, గుండె నొప్పేమో అనుకున్నాను.

"ఇది ఎప్పటి నుంచి నీకు కావాల?"

"మొదట్నుంచీ అమ్మా."

"మొదట్నుంచంటే? నాణేలు అడిగినప్పుడూ ఇదే కావాలా?"

తలూపాను.

"ఒరే, నీ బేరం తగలెయ్య!" ఆవిడ నోట ఒరే అన్న మాట అదే మొదలు, అదే చివర. అప్పుడు చెప్పారు. అప్పలస్వామి మాస్టారని తెలుగు బడిలో పనిచేసి రిటైరైన పెద్దాయన, విశాఖలో ఉన్న కూతురింటికి పోతూ ఇల్లు ఖాళీ చేశాడు. ఆయన పెట్టెలో ఆ బడి తొలినాటి హాజరు పట్టీలు నాలుగున్నాయి. పిల్లాడి పేరు, తండ్రి వర్క్‌షాప్‌లో ఏ పని, ఏ ఊరి నుంచి వచ్చారు, ఎందుకు బడి మానేశాడు, అన్నీ. రెండు వారాల కిందట ఆయన రీడింగ్ రూమ్‌కొచ్చి, వీటితో ఎవరికైనా పనుందా అని అడిగాడు. "నానేటి సెప్పినానో తెలుసా? మన గదికొకే ఒక్క కుర్రోడు వస్తన్నాడు మాస్టారూ, ఆడిది నాణేల మీద అన్నాను. మా అలమారలు ఇప్పటికే సెదలు తింటన్నాయి, మీరే ఎవరికైనా సూడండన్నాను." వాళ్లు గుమ్మం దగ్గర మాట్లాడుకుంటుంటే, నేను లోపల ఆ బల్ల ముందే, ఆ నోట్సు రాస్తూ ఉన్నాను బహుశా. మాస్టారు పోతూ పోతూ పెట్టెడు కాగితాలూ తూకానికి వేసేశాడు.

తాళం వేసి ఆవిడే ముందు నడిచారు. ఫోన్లో మాస్టారిని పట్టుకుంటే తూకానికి కొన్నది గోల్‌బజార్‌లో నిమాయి దా అని తెలిసింది. మరమరాలకీ వేరుశనగలకీ వాడే కాగితపు పొట్లాలు చుట్టి కొట్లకు వేసే మనిషి. మా కొట్టుకు నాలుగు గుమ్మాల అవతలే. చిన్నప్పట్నుంచీ నేనెరిగినవాడే కనక నేను ముందుకెళ్లి, పొట్లాల కట్ట అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచి, "ఈ పాత చిత్తు కాగితాలు ఎంతకిస్తావ్ దాదా, పొయ్యిలోకి" అని మొదలుపెట్టాను. సువార్తమ్మ గారు నా భుజం పట్టుకుని వెనక్కి లాగారు. ఆయన కళ్లలోకి చూసి బెంగాలీలో చెప్పారు: ఇవి మా తాతల కాలపు పిల్లల పేర్లు బాబూ, మాకు చాలా అవసరం, మరెక్కడా దొరకవు.

నిమాయి దా చేతిలో జిగురు కుంచె ఆగిపోయింది. "ఆగే బోల్‌బేన్ తో దీదీ!" అన్నాడు. ముందే చెప్పొద్దా అని. కాస్త కోపంగానే అన్నాడు. చుట్టనివి, చుట్టినవి, ఎండుతున్నవి అన్నీ మా ముందు గుమ్మరించాడు. ఏమీ తీసుకోలేదు. నేను జేబులో చెయ్యి పెడితే నన్ను పురుగును చూసినట్టు చూశాడు.

ఆ సాయంత్రం రీడింగ్ రూమ్‌లో టీ కెటిల్ ఆవిరి మీద పొట్లం పెట్టి, జిగురు మెత్తబడ్డాక ఆవిడ గోటితో మెల్లగా విప్పారు. వెచ్చటి కాగితం వాసన గదంతా నిండింది. ఒక పొట్లం మీద 'తండ్రికి చెయ్యి తెగినందున మానినాడు' అని ఉంది. పేరున్న సగం మరో పొట్లంలోకి పోయింది. అది ఏ కొట్లో ఎవరికి వేరుశనగలు కట్టిందో. ఆవిడ విప్పిన ప్రతి కాగితమూ నా వైపు తోశారు, నేను రాసుకున్నాను.

ఆ పది రోజుల్లో ఆవిడ నాకు చరిత్ర వెతకడం నేర్పారు, అదీ విసుక్కుంటూనే. బడి అని కాదు, ఆ రోజుల్లో రాత్రి క్లాసులనేవారు, ఆ మాటతో వెతకమన్నారు. రైల్వే వార్షిక నివేదికల స్కాన్లలో పిల్లల సంగతి చదువుల పేజీలో ఉండదు, కాలనీ ఖర్చుల పేజీలో ఉంటుందన్నారు. నిజంగానే ఉంది. ఒకచోట బొటనవేలు అడ్డమొస్తే అదే రిపోర్టు ఇంకో లైబ్రరీ కూడా ఎక్కించి ఉంటుంది, అక్కడి వేలు మరోచోట పడుంటుంది చూడమన్నారు. అదీ నిజమే. "కంప్యూటరైనా నాలాటిదే బాబూ. నువ్వడిగిందే తెచ్చిస్తాది" అన్నారు.

గడువుకు ముందురోజు వ్యాసం చూపించాను. ఆధారాల పేజీ దగ్గర వేలు ఆపారు. హాజరు పట్టీల్లో కొన్ని కాగితాలే ఎందుకున్నాయో చెప్పాలి కదా. నేను 'తక్కినవి కాలగర్భంలో కలిసిపోయాయి' అని రాశాను.

"కాలమేటి సేసింది పాపం?" అన్నారు.

"పరీక్షకుడు చదువుతాడమ్మా. ఉద్యోగం పోతుంది."

"రాసుకో మరి" అని వ్యాసం మూసి ఇచ్చేశారు. అంతకు మించి ఒత్తిడి చెయ్యలేదు. చేసి ఉంటే నేను బేరమాడేవాణ్ణే.

వ్యాసం నెగ్గింది. బడిలో చేరాను. పరుపు మీద మా తమ్ముడు కూర్చున్నాడు. సువార్తమ్మ గారు పోయి ఆరేళ్లవుతోంది. ఈమధ్య మా విశ్వవిద్యాలయం పాత వ్యాసాలన్నీ ఇంటర్నెట్‌లో ఎక్కించింది. మా ఊరి పేరుకు చరిత్ర చేర్చి కొడితే ఇప్పుడు నా వ్యాసం కూడా వస్తోంది. కిందటి నెల ఎవరో పరిశోధకురాలు, నాకు ముఖపరిచయం లేని మనిషి, తన రచనలో నన్ను ఉదహరించింది. ఏ వాక్యమో చెప్పక్కర్లేదు. కాలగర్భం ఆమె పుటల్లోకి కూడా వెళ్లిపోయింది. ఆమెను చదివినవాళ్లు దాన్నింకా ముందుకు మోస్తారు.

అందుకే ఇక్కడ లెక్క సరిగ్గా చెబుతున్నాను. హాజరు పట్టీలు నాలుగు. దొరికినవి ముప్పై ఒక్క కాగితాలు, అందులో తొమ్మిది సగం సగం. తక్కినవి చెదలు తినలేదు, వానకు తడవలేదు, కాలం ముట్టుకోలేదు. వాటిని దాచిన మనిషి, కావాలా అని నోరు తెరిచి అడిగాడు. కావలసినవాడు పక్కనే కూర్చుని నాణేలు కావాలన్నాడు. ఆ కావలసినవాణ్ణి నేనే.