ఏడో మంచం కాగితం మీద నాలుగు టిక్కులు

ఆ ఆసుపత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. డాక్టర్లకూ ఆయమ్మే, రోగులకూ ఆయమ్మే. పంతొమ్మిదేళ్లుగా ముక్కూ మొహం తెలియనివాళ్ల ముడ్డి కడిగింది. ఈ మాటకి మొహం చిట్లించుకునే పెద్దమనుషులు కూడా మంచాన పడితే ఆమె కోసమే ఎదురుచూస్తారు.

కరోనా రోజుల్లో ఐసీయూలో అందరి కళ్లూ మిషన్ల మీదే. ఆక్సిజన్ ఎంత, ఊపిరి ఎంత, ఇదే గోల. గొంతులో గొట్టం వేసి మత్తులో పడుకోబెట్టిన మనిషికి కడుపనేది కూడా ఒకటి ఏడ్చిందని ఆయమ్మలకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

మంచానికో కాగితం ఉండేది. అందులో విరేచనం అని ఒక గడి. అది ఖాళీగా కనిపిస్తే డ్యూటీ మారేటప్పుడు పెద్ద సిస్టరు దులిపేసేది. ఆమె లెక్కలో ఖాళీ గడి అంటే ఆయమ్మ పని ఎగ్గొట్టిందని. అందుకే డైపర్ మారిస్తే చాలు, అందులో ఏమున్నా లేకున్నా టిక్కు పెట్టేయడం ఆయమ్మలందరికీ అలవాటైపోయింది.

ఏడో మంచం మీద ఒక దర్జీ ఉండేవాడు. అతని భార్య రోజూ మధ్యాహ్నం వార్డుకి ఫోన్ చేసి ఆయమ్మను పిలిపించుకునేది. ఒక్క పూట కడుపు కదలకపోతే ఇల్లు పీకి పందిరేసే మనిషి, అక్కడ సరిగ్గా అవుతోందా అని అడిగేది. అవుతోందమ్మా అనేది ఆయమ్మ. నిజానికి అతన్ని చేర్చిన నాలుగు రోజులూ డైపర్ పొడిగానే వచ్చింది. మత్తులో ఉన్న మనిషి కదా, రేపు అవుతుందిలే అనుకుంది.

ఐదో రోజు పొద్దున ఒళ్లు తుడుస్తుంటే పొట్ట రాయిలా తగిలింది. ముక్కు గొట్టంలోంచి పంపిన ఆహారం పచ్చగా తిరిగొస్తోంది. ఆయమ్మ వెంటనే డాక్టరుకి చెప్పింది. రెండు రాత్రులుగా కన్నుమూయని ఆ కుర్ర డాక్టరు కాగితం తీసి చూశాడు.

"రోజూ అవుతోందనే ఉందిగా ఆయమ్మా. ఎవరు పెట్టారు ఇవి?"

పెద్ద సిస్టరు పక్కనే నిలబడి ఉంది. "నేనే సార్" అంది ఆయమ్మ. ఆ తర్వాత చెప్పాల్సిన మాట నోట్లోంచి ఊడిపడలేదు. మత్తులో ఉన్నవాళ్లకి పొట్ట కాస్త ఉబ్బుతుందిలే అని అతను పక్క మంచానికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఫోన్ వస్తే పనిలో ఉన్నానని చెప్పించింది. మూడు గంటలకి దర్జీ బీపీ పడిపోయింది. అప్పుడు వెళ్లింది మహాతల్లి, డాక్టరుకి అడ్డంగా నిలబడి, "సార్, ఆ టిక్కులు అబద్ధం. నాలుగు రోజులుగా ఆయనకి ఏమీ కాలేదు" అంది.

డాక్టరు తిట్టలేదు, పరిగెత్తాడు. ఆపరేషన్‌కి భార్య ఫోన్లోనే ఒప్పుకుంది. పొట్ట కోసి చూస్తే పేగు మూరెడు మేర నల్లబడి ఉంది. రక్తం గడ్డకట్టి అక్కడికి అందలేదట. పొద్దున్నే కోసి ఉంటే బతికేవాడా అని ఆయమ్మ అడిగింది. చెప్పలేం అన్నాడు డాక్టరు. మర్నాడు దర్జీ పోయాడు.

పెద్ద సిస్టరు ఆయమ్మను పల్లెత్తు మాట అనలేదు. అంటే ఖాళీ గడులకి ఎవరు దులిపేవారో కూడా బయటపడుతుందిగా! గడి పక్కన సంతకం కూడా పెట్టాలని కొత్త ఆర్డరు వేసి చేతులు దులుపుకుంది.

దర్జీ కళ్లజోడూ, చొక్కా జేబులో దొరికిన కొలతల టేపూ సంచిలో వేసుకుని ఆయమ్మే గేటు దాకా వెళ్లింది. భార్య సంచి అందుకుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, కడుపు సంగతి ముందు కనిపెట్టింది నువ్వేనట, డాక్టరు చెప్పాడు. నాలుగు రోజులూ బాగానే అయ్యి, ఆ ఒక్క రోజే ముంచేసింది కదూ?"

ఆయమ్మ ఆ చేతిని విడిపించుకోలేకపోయింది.

"అవునమ్మా" అంది.