నేను ముంచిన పడవ

మా అయివోరి ఆఖరి నవల గురించి ఎవరు మాట్లాడినా చివరి పేజీ దగ్గరికే వస్తారు. లోకమంతా నీళ్ళయిపోయాక తేలే ఊళ్ళలో బతుకుతున్న జనం. వాళ్ళ కోసం నేల వెతకడానికి ఒంటరిగా బయలుదేరిన ఒక ఆడమనిషి. ఆమె పడవ మీద దీపం దూరాన చిన్నదై, చిన్నదై ఆరిపోతుంది. తెలుగులో సైన్స్ ఫిక్షన్‌కు దారి వేసిన మనిషి ఇంత ధైర్యంగా ముగించాడని సభల్లో చెప్తుంటారు. ఆ సభల్లో నేనూ వేదిక మీద కూర్చున్నాను, అందరితో పాటు చప్పట్లు కొట్టాను. ఆ పేజీ ఆయన రాయలేదు. నేను రాశాను.

ఆయనది విడవలూరు వైపు సముద్రపు ఒడ్డు పల్లె. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, చదువుకుని, అదే పల్లెలో పంతులయ్యాడు. ఊరంతా అయివోరనే పిలిచేది. వారపత్రికల నిండా దయ్యాలూ హంతకులూ తిరుగుతున్న కాలంలో ఆయన చుక్కల మధ్య తిరిగే పడవల గురించి రాశాడు. మొదట్లో వాటిని పిల్లల పేజీలో వేసేవారట. కొత్త వస్తువుకు పేరు కావలసి వస్తే నిఘంటువు తీసేవాడు కాదు, పడవల దగ్గరికి వెళ్ళి ఎవరినో ఒకరిని అడిగేవాడు. శూన్యంలోకి దిగే మనిషి నడుముకు కట్టుకునే తాడుకూ, ఓడలో గాలిని నిలిపే గదికీ ఆయన పెట్టిన పేర్లను ఇవాళ కొత్తగా రాస్తున్నవాళ్ళు ఎక్కడివో తెలియకుండానే వాడుతున్నారు.

ఆయన రాసే పద్ధతే వేరు. కొత్త అధ్యాయాన్ని ముందుగా వలలు బాగుచేసే పాకలో ఆడవాళ్ళకు చెప్పేవాడు. మర్నాడు దాన్ని వాళ్ళచేత తిరిగి చెప్పించుకునేవాడు. వాళ్ళు మరిచిపోయిన ముక్క కాగితం మీదికి ఎక్కేది కాదు. ఒకసారి ఒకామె, "బరువే లేని చోట అన్నంలో పులుసు ఎట్ట పోసుకుంటారయివోరా?" అని అడిగింది. ఆయన చాలాసేపు నవ్వి అధ్యాయం మార్చేశాడు. ఆ కథలో చుక్కల్లోకి వెళ్ళినవాళ్ళు ఎండుచేపలు నములుతూ ఉంటారు.

పాకలో ఒక కట్టడి ఉండేది. కథలో పడవ నీళ్ళ మీద ఉండగా ఎవరూ లేవకూడదు. ఇంటి మగవాళ్ళు సముద్రంలో చేపల వేటలో ఉంటారు కదా, అది అపశకునం. చెప్పేవాడు ఆ పూటకు పడవను ఎక్కడో ఒకచోట ఒడ్డుకు చేర్చే ఆపాలి. అందుకే ఆయన సీరియళ్ళలో ప్రతి వారం పడవ ఏదో ఒడ్డు చేరుతుంది. ఉత్కంఠ చాలడం లేదని సంపాదకులు గొణిగేవారు.

నేను వరి పండించే ఊరివాణ్ణి. డిగ్రీ అయి, ఉద్యోగం లేక, రచయితనవ్వాలని తిరుగుతున్న రోజుల్లో ఆయనకు నీటికాసులొచ్చి చూపు తగ్గింది. ఆయన చెప్పేవాడు, నేను రాసుకుని, సాఫు ప్రతి తీసి పత్రికకు పంపేవాణ్ణి. ఆఖరి నవల మొత్తం అలాగే నడిచింది.

ఆయన చెప్పిన ముగింపులో ఆ ఆడమనిషి తిరిగొస్తుంది. నేల దొరకలేదు. కానీ తమలాగే తేలుతున్న మరో ఊరు కనిపించింది, దాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. రెండు ఊళ్ళనూ తాళ్ళతో కలిపి కట్టుకుంటారు. నాకది చప్పగా అనిపించింది. మా ఊళ్ళో తుపాన్ల సంగతి చెప్పుకునేటప్పుడు సముద్రం వైపు వెళ్ళినవాళ్ళు తిరిగి రారు. మాకు సముద్రమంటే కథ ముగిసిపోయే చోటు. గొప్ప సాహిత్యమంటే కూడా ఏడిపించేదేనని అప్పట్లో నా నమ్మకం. సాఫు ప్రతిలో దీపం ఆర్పేసి పోస్టులో వేశాను.

అంతటితో ఆగినా బాగుండేది. పత్రిక వచ్చాక పాకలో అందరి ముందూ చదివి వినిపించమన్నాడు. నేను పేజీలు తిప్పుతూ, అచ్చయింది వదిలేసి, ఆయన చెప్పిన ముగింపునే గుర్తున్నంతవరకు అప్పజెప్పాను. అక్కడ చదవడం వచ్చినవాళ్ళు లేరు. ఆయన తృప్తిగా తల ఊపి, "ఒక్క మాట గూడా కొయ్యలేదు, మంచోళ్ళు పత్రికోళ్ళు" అన్నాడు. ఆ వానాకాలంలోనే పోయాడు.

ఇప్పుడు ఆయన రచనలన్నీ మళ్ళీ అచ్చవుతున్నాయి. నెల్లూరులో కాలేజీ లెక్చరర్‌గా ఉన్న ఆ పల్లె అమ్మాయి ప్రూఫులు చూస్తోంది. ఒకరోజు ఫోన్ చేసింది.

"సార్, మా అవ్వకు చివరిదాకా చదివి వినిపించినా. ఆ పూట అన్నం ముట్టలేదు. అయివోరు మాకొక కతా, చదువుకున్నోళ్ళకొక కతా చెప్పినాడా అని ఒకటే గొణుగుడు. పాకలో ముసలోళ్ళంతా ఆయన మాటే ఎత్తొద్దంటా ఉండారు. మీరే గదా రాసింది, అసలేం జరిగింది?"

అన్ని సభల్లోనూ పొగడ్తలకు కదలనివాణ్ణి ఆ మాటకు కదిలాను. ఆయనను మొదట నమ్మినవాళ్ళు ఆయనను అబద్ధాలకోరనుకుంటున్నారు. ఫోన్లో చెప్పే సంగతి కాదు. మర్నాడు పొద్దున్నే బయలుదేరి, నెల్లూరులో అమ్మాయిని కలుపుకుని పల్లెకు వెళ్ళాను.

పాకకు ఇప్పుడు రేకుల కప్పు వేశారు. అవ్వ నన్ను కాసేపు పోల్చుకోలేదు. తర్వాత, వరి మళ్ళ ఊరివాణ్ణని అప్పట్లో పెట్టిన పేరుతోనే అడిగింది.

"మడికాడ అబ్బయ్యవా? జుట్టంతా యాడ బోయింది నాయనా?"

"అమ్మా, అయివోరు మీకు చెప్పిందే నాకూ చెప్పినాడు. పత్రికకు పంపేటప్పుడు నేనే మార్చినా."

"మరి ఆ రోజు ఈడనే కూసోని కాయితం చూసి చదివితివే?"

"చూసినట్టు నటించినా. అచ్చులో వేరేగా ఉండింది."

ఆమె వల కుట్టే సూదిని పక్కన పెట్టింది. నేను తిట్ల కోసం ఎదురు చూశాను. ఆమె నా వైపు కాకుండా, వలలు బాగుచేస్తున్న మిగతా ఆడవాళ్ళ వైపు తిరిగి గట్టిగా అంది. "ఇన్నారా మే! అయివోరు కాదంట. అయివోరు మనకి మార్చి చెప్పలా."

ఆ తర్వాత తలొక నోటా మొదలయ్యాయి తిట్లు.

"కళ్ళు కనపడనాయన్ని మోసం చేసేదానికి నీకు మనసెట్ట వొచ్చిందిరా?"

"పడవ ముంచి, దానికి శాలువాలు కప్పించుకున్నాడు మే!"

"మడిలో పుట్టినోడి చేతికి పడవిస్తే ఏం జేస్తాడు, బురదలో దిగ్గొడతాడు."

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

అమ్మాయి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టింది. నాకు గుర్తున్న ముగింపు చెప్పసాగాను. దూరాన పడవలు బారులుగా కనిపించాయి అనగానే అవ్వ అడ్డుపడింది.

"ముందే పడవలు యాడ కనపడతాయి? మంచుగదా! ముందు పిలకాయల అరుపులు ఇనపడతాయి. కతలో మన ఊళ్ళో అన్నేళ్ళుగా పిలకాయలే పుట్టలేదు. ఇన్నోళ్ళకు ఆ శబ్దమేందో తెలీదు. ఒక ముసల్దానికి గుర్తొస్తది."

నేను పూర్తిగా మరిచిపోయాను. ఆ రోజు పాకలో అప్పజెప్పినప్పుడు ఈ ముక్క చెప్పే ఉంటాను, ఇన్నేళ్ళలో జారిపోయింది. చూపు పోతున్న మనిషి కట్టిన ముగింపు అది, చెవికి ముందు తెలిసేది. నేను దాని బదులు ఒక దీపం పెట్టి ఆర్పాను.

పుస్తకం వేస్తున్నాయన ఫోన్లో నసిగాడు. పాత ముగింపుకు పేరుంది, రెండూ వేద్దామా అన్నాడు. "ఒకటే సార్" అంది అమ్మాయి నా పక్కనుంచి. నేను కూడా అదే చెప్పాను. అయితే చదివేవాళ్ళకు ఎందుకు మారిందో తెలియాలి, మీరే రాయండి అన్నాడాయన. పుస్తకం ముందు ఈ నాలుగు మాటలూ అందుకే.

లేవబోతుంటే అవ్వ అడిగింది. "నువ్వు రాసిందాన్ని ఏం జేస్తావు?"

"తీసేస్తానమ్మా."

"తీసేస్తే ఆయమ్మ గతేంది? నీ మాట నమ్మి నీళ్ళ మీదికి పోయింది గదా. నీ పడవ నువ్వే ఒడ్డుకు తెచ్చుకో."

వేళాకోళమనుకుని ఇంటికొచ్చాను. కానీ ఆమె పడవ ఒడ్డు చేరే కథ రాయడం మొదలుపెట్టాను. చాలా ఏళ్ళ తర్వాత, ఎవరినీ ఏడిపించాలని చూడకుండా రాస్తున్నాను. రాసిన ముక్క అమ్మాయి ఫోన్లో అవ్వకు చదివి వినిపిస్తున్నాను. నిన్న, నీళ్ళ రంగు మారింది, నేల దగ్గర్లోనే ఉండాలి అని చదివాను.

"రంగు మారితే సరిపోయిందా" అంది అవ్వ. "కాకి కనపడినాక చెప్పు, నేలుందని."