బావ భూతద్దం

వాచీలు బాగుచేసే ఆయనకు వీధివాళ్లు పెట్టిన పేరు నిదానం మావయ్య. ఎవరెంత తొందరపెట్టినా ఆయన చెయ్యి తొందరపడేది కాదు. కొట్లో బల్లకు అటు ఆయన, ఇటు బావమరిది. ఇద్దరికీ కలిపి కంటికి బిగించుకునే భూతద్దం ఒక్కటే. బావమరిదికి ఎడమకన్ను చిన్నప్పటి నుంచీ మసక. కుడికంటితోనే బతుకు నెట్టుకొస్తున్నాడు.

ఆమధ్య మావయ్య కన్ను ఎర్రబడి పుసులు కట్టింది. డాక్టరమ్మ యాంటీబయాటిక్ చుక్కలు రాసిచ్చింది. ఎరుపు తగ్గగానే సీసా అటకెక్కింది. కొద్దిరోజులకే మళ్లీ పొద్దున్నే రెప్పలు అంటుకుపోయాయి.

"మధ్యలో ఆపేశారా?" అంది డాక్టరమ్మ. "ఈసారి తగ్గినట్టు కనిపించినా చెప్పినన్నాళ్లూ వెయ్యాలి. సరే, ఆ కంటికి తగిలే వస్తువేమైనా ఉందా?"

"భూతద్దం..." అంటూ జేబు తడుముకున్నాడు. లేదు. బల్లమీదే వదిలి వచ్చాడు.

నిదానం మావయ్య పరుగెత్తడం వీధి అప్పుడే చూసింది. మందు కూడా కొనుక్కోలేదు. కొట్టు మెట్లెక్కేసరికి బావమరిది కుడికంటికి అదే అద్దం.

"తియ్యరా అది. నా కంటి చీము దానికంటింది. నేనే చూసుకోవాల్సింది, తప్పు నాది."

"వాచీ సగంలో ఉంది బావా."

"వాచీ పోతే ఇంకోటి కొనిస్తా. నీకు ఇంకో కన్ను ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?"

బావమరిది సబ్బుతో చేతులూ ముఖమూ కడుక్కుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ప్రస్తుతానికి కన్ను శుభ్రంగానే ఉందనీ, జబ్బు లేకుండా మందు వద్దనీ, ఎరుపు కనిపిస్తే వెంటనే రమ్మనీ ఆవిడ పంపేసింది.

ఆ రోజుల్లో వచ్చిన వాళ్లందరికీ మావయ్య ఉన్నదున్నట్టు చెప్పి వాచీలు తిప్పి పంపాడు. రోజూ తెల్లారగానే ఆయన బావమరిది గది గుమ్మంలో నిలబడి, దూరం నుంచే అతని కుడికన్ను పరీక్షగా చూసేవాడు.

"అక్కా, నీ మొగుడు నిన్నయినా ఇంతసేపు చూశాడా?" అనేవాడు బావమరిది.

"నన్నెప్పుడు చూశాడ్రా, ఆ చూపంతా వాచీలకేగా," అనేది అక్క.

మావయ్యకు చుక్కలు వేసేది కూడా బావమరిదే. సీసా మూతి రెప్పకు తగలకుండా, పైనుంచి. "వెంట్రుకంత స్ప్రింగును కదలకుండా పట్టుకుంటావు, రెప్పను పట్టుకోలేవా బావా?"

మావయ్య కన్ను తేటపడింది. అయినా గడువు ముగిసేదాకా చుక్కలు మానలేదు. బావమరిది కన్ను ఎర్రబడనే లేదు.

ఇప్పుడు బల్లమీద అద్దాలు రెండు. పాత అలవాటుకొద్దీ బావమరిది చెయ్యి అటు చాస్తే, మావయ్య తలెత్తకుండానే తన అద్దాన్ని పక్కకు జరుపుకుంటాడు.