భాయ్‌గారు ఎంచుకున్న డబ్బా

మా పక్కింటి భాయ్‌గారు పోయారు. శుక్రవారం నమాజు నుంచి వచ్చి, భోంచేసి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. వాళ్ళావిడ పిట్టగోడ అవతలి నుంచి "అక్కా" అని పిలిచిన తీరులోనే నాకు సంగతి తెలిసిపోయింది. నేను వెళ్ళేసరికి మంచం పక్కన గోడకి ఆనించిన బేస్ గిటారు మీద ఎవరో దుప్పటి కప్పారు. ఎందుకు కప్పారో వాళ్ళకీ తెలిసుండదు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ వాళ్ళని దేవుళ్ళని చేసేస్తారు. నాకు చేతకాదు. మా ఇంట్లోంచి ఆయన పట్టుకెళ్ళిన స్క్రూడ్రైవరు ఒక్కటీ తిరిగి రాలేదు. ఆవకాయ పెట్టిచ్చిన సీసా మాత్రం కడిగి తెచ్చిచ్చేవారు, "ఈసారి ఉప్పెక్కువైందక్కా" అన్న మాటతో సహా. ఆ మాట నిజం కావటం వల్ల నాకు ఇంకా ఒళ్ళు మండేది.

తొంభైల మొదట్లో మేం గుణదలలో ఆ ఇంట్లోకి మారాం. నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని. పేపర్లు దిద్దుకుందామని కూర్చుంటే కిటికీ రెక్కలు గుమ్ గుమ్ అని అదిరేవి. నాలుగో రోజో ఐదో రోజో వెళ్ళి తలుపు కొట్టాను.

"ఏమండీ, ఇది ఏ పాట? ఇంతసేపూ ఒకటే గుమ్ముగుమ్ముమంటోంది."

"పాట వేరేవాళ్ళు పాడతారండీ. నేను వాళ్ళ కాళ్ళ కింద నేల."

"ఆ నేల మా ఇంటిదాకా రాకుండా చూడండి."

ఆయన పకపకా నవ్వారు. వాళ్ళావిడ లోపల్నుంచి "నేనూ అదే మొత్తుకుంటున్నా" అంది. ఆ రోజు నుంచి నేను అక్కనయ్యాను, ఆయన భాయ్‌గారయ్యారు. శబ్దం మాత్రం ఏమీ తగ్గలేదు.

పగలు వన్‌టౌన్‌లో ఓ బట్టల హోల్‌సేల్ కొట్లో ఉద్యోగం. సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు, పాట అడుగున మంద్రస్వరాలు పలికేది. గుణదల మేరీమాత పండగకి క్రైస్తవ గీతాలు, ఉరుసుకి ఖవ్వాలీలు, మాఘమాసం వచ్చిందంటే కృష్ణా జిల్లా అంతా పెళ్ళిళ్ళలో సినిమా పాటలు. "అన్నిటికీ ఒకటే గిటారా?" అని అడిగితే, "గిటారు ఒకటే అక్కా, మాట వేరు. చర్చిలో మాట్లాడినట్టు పెళ్ళిలో మాట్లాడితే ఎవడు వింటాడు?" అనేవారు.

కొత్త శతాబ్దం వచ్చిన ఒకటి రెండేళ్ళకి ఆ సాయంత్రాలకి గండం వచ్చింది. ఉద్యోగం పోతుందని కాదు. కొట్లో ఉద్యోగం తిండి పెట్టేది. బేస్ గిటారు ఆయన్ని మనిషిగా నిలబెట్టేది. ఆర్కెస్ట్రా నాయకుడు స్వయంగా కీబోర్డు వాయిస్తాడు. కొత్త కీబోర్డు కొన్నాడు. ఎడమచేత్తో బేస్, కుడిచేత్తో మిగతాది కానిచ్చేయొచ్చని కనిపెట్టాడు. పైగా భాయ్‌గారి స్పీకరు పెట్టె బట్టలుతికే మెషీనంత ఉండేది. దాన్ని వ్యానులో ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు దిగాలి. "భాయ్, నీ పెట్టె బదులు ఇద్దరు సింగర్లు పడతారు" అన్నాడట.

దానికి ఆయన వెతుక్కున్న ఉపాయం ప్రీయాంప్ పెడల్. పుస్తకమంత ఇనప డబ్బా. గిటారు వైరు అందులోకి వెళ్తుంది, అక్కడ శబ్దం తీర్చిదిద్దుకుని నేరుగా సౌండువాళ్ళ మిక్సరులోకి పోతుంది. కాలితో నొక్కితే పనిచేస్తుంది. ఇక ఆ పెద్ద పెట్టె మొయ్యక్కర్లేదు. చెన్నైలో ఉన్న పాత స్నేహితుడు తెలిసినవాళ్ళ చేత రైల్లో రెండు డబ్బాలు పంపాడు: నచ్చింది ఉంచుకో, రెండోది తిప్పి పంపు అని.

ఒకటి నల్లగా నిగనిగలాడుతూ, ఎర్ర దీపాలతో, నొక్కితే రకరకాల శబ్దాలు సిద్ధంగా ఉన్నది. రెండోది బూడిదరంగుది, మూల సొట్ట, తిప్పుకునే బుడిపెలు తప్ప మరేమీ లేనిది. ఆయన హాల్లో కూర్చుని రెండూ వాయించి వినిపించారు. నల్లది వాయిస్తే సినిమా హాల్లో కూర్చున్నట్టే ఉంది; అడుగున ఉరుము, పైన గాజు మెరుపు. బూడిదరంగుది ముక్కుతో మాట్లాడినట్టుంది. నేను నల్లదన్నాను. వాళ్ళావిడ నల్లదంది. కిటికీలోంచి తొంగిచూసినవాళ్ళందరూ నల్లదే అన్నారు. పెళ్ళిచూపుల్లో కూడా అంత ఏకాభిప్రాయం నేను చూడలేదు.

నల్ల డబ్బాతో ఆయన మేరీమాత పండగలో వాయించారు. నేను జనం వెనకాల, చెరుకుగడల బండి పక్కన నిలబడి విన్నాను. డ్రమ్ములు వినపడ్డాయి, కోరస్ వినపడింది, కీబోర్డు అవసరానికి మించి వినపడింది. బేస్ ఉండాల్సిన చోట పక్కవీధిలో లారీ ఇంజను ఆపకుండా ఉంచినట్టు ఓ రొద, అంతే.

మర్నాడు "ఎలా ఉందక్కా?" అన్నారు.

"మీరు వచ్చారా? వేదిక మీద కనపడ్డారు కానీ, వినపడలేదు."

వాళ్ళావిడ నా వంక కోపంగా చూసింది. ఆయన మాత్రం గిన్నెలో మిగిలిన సేమ్యా నా వైపు జరిపారు. "మెచ్చుకునేవాళ్ళు ఊరంతా ఉన్నారక్కా. మీరొక్కరే విన్నారు" అన్నారు. తర్వాత తలొంచుకుని చెప్పారు, నాయకుడూ అదే అన్నాడని. చల్లపల్లి పెళ్ళి ముందే ఒప్పుకున్నాం కనక రమ్మన్నాడట. ఆ తర్వాత ఎడమచెయ్యి చాలట.

చల్లపల్లి పెళ్ళి మా తమ్ముడి కూతురిదే. ఆర్కెస్ట్రాని మాట్లాడింది నేనే. ఆ నాయకుడికి నేనో మాట చెబుతానన్నాను. భాయ్‌గారి ముఖంలో నవ్వు పోవటం అప్పుడే చూశాను.

"మీరు ఒక్క మాటన్నా నేను చల్లపల్లి రాను. వినపడితే ఉంటాను, లేకపోతే మానేస్తాను. సిఫార్సు మీద బేస్ వాయించిన వాణ్ణని పేరు నాకొద్దక్కా."

సరేనన్నాను. ఇద్దరం కూర్చుని ఆలోచించాం. పొరపాటు డబ్బాలో లేదు, మేం ఎంచిన పద్ధతిలో ఉంది. ఒంటరిగా వాయించి చూసి ఎంచాం. బేస్ ఎప్పుడైనా ఒంటరిగా వాయిస్తారా? నల్ల డబ్బా అడుగు శబ్దాన్నీ పై శబ్దాన్నీ పెంచి, నడిమిది తీసేస్తుంది. అది ఖాళీ గదిలో అందం. బృందంలో అడుగుది డ్రమ్ములు మింగేస్తాయి, పైది తాళాలు మింగేస్తాయి. మన చెవి పట్టుకునే నడిమి శబ్దమే మిగలాలి, అదే అందులో లేదు. ఫిజిక్సు నాది, అనుభవం ఆయనది. సొట్ట డబ్బాలో ఆ నడిమిదాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ, ఎంత కావాలంటే అంత పెంచుకునే బుడిపెలున్నాయి.

ఈసారి పరీక్ష గోలలో పెట్టాం. టేప్‌రికార్డరులో పాట గట్టిగా పెట్టారు. వాళ్ళావిడ వంటింట్లో మిక్సీ వేసింది. కుక్కరు తన వంతు తను కూసింది. ఆయన వాయిస్తుంటే నేను గొడుగు పట్టుకుని వీధి చివరికి వెళ్ళి నిలబడ్డాను. బేస్ వినపడితే గొడుగు ఎత్తాలి, పోతే దించాలి. గుమ్మంలో కూర్చున్న ఆయన గొడుగు చూసి బుడిపెలు తిప్పుతారు.

గొడుగెత్తగానే ఓ ఆటో వచ్చి ఆగింది.

"ఎక్కడికండీ?"

"ఎక్కడికీ కాదయ్యా."

"మరి చెయ్యెత్తారు?"

"బేస్ వినపడింది, ఎత్తాను."

అతను నా ముఖం చూసి, ఎదురుగా మిక్సీ మోత మధ్య గిటారు వాయిస్తున్న మనిషిని చూసి, ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. సాయంత్రానికి మా వీధి చివర ఆటోలు ఆగటం మానేశాయి.

అలా ఒక్కో రకం పాటకీ ఒక్కో అమరిక దొరికింది. క్రైస్తవ గీతాలకి గుండ్రంగా, మెత్తగా, స్వరం సాగేట్టు. ఖవ్వాలీకి పొట్టిగా, ఢోలక్ దెబ్బ పక్కనే పడేట్టు. డాన్సు పాటకి వేలి దెబ్బ తెలిసేట్టు. అవి గుర్తుండేందుకు నేను స్టిక్కరు బొట్ల ప్యాకెట్టు ఇచ్చాను. బుడిపెల చుట్టూ చర్చి పాటలకి నీలం, ఖవ్వాలీకి ఆకుపచ్చ, పెళ్ళికి ఎరుపు అంటించుకున్నారు. "నమాజు చేసుకునేవాడి డబ్బాకి ఇన్ని బొట్లేంటండీ" అని వాళ్ళావిడ నవ్వి నవ్వి గుమ్మంలో కూలబడింది. నల్లది చెన్నై తిరిగి వెళ్ళింది.

చల్లపల్లిలో వేదిక మీద జరిగింది తర్వాత భాయ్‌గారు చెప్పగా విన్నదే: నాయకుడు ఆయన్ని నమ్మలేదు. మొదటి భక్తిపాటకి ఎడమచేత్తో తనూ బేస్ వాయిస్తూనే ఉన్నాడు. రెండో పాటలోనూ అంతే. మూడోది డాన్సు పాట. భాయ్‌గారు వంగి బుడిపెలు తిప్పారు. పాట సగంలో ఉండగా నాయకుడు తల పక్కకి వంచి విన్నాడు. ఎడమచెయ్యి కీబోర్డు మీంచి తీసి తొడ మీద పెట్టుకున్నాడు. మగపెళ్ళివారు ఖవ్వాలీ అడిగితే మళ్ళీ బుడిపెలు తిరిగాయి. ఆ చెయ్యి అక్కణ్ణుంచి కదల్లేదు. సామాను సర్దుకునేటప్పుడు నాయకుడు అన్న మాట ఇంతే: "భాయ్, వచ్చే వారం గుడివాడ. ఆ సొట్టది మర్చిపోకు."

ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఆయన వాయిస్తూనే ఉన్నారు, మొన్నటి మేరీమాత పండగ వరకూ. ఎవరికైనా డబ్బా కొనుక్కోవటంలో సలహా కావాలంటే ఆయన చెప్పేది ఒకటే: "నీకు బాగుందా అని చూడకు. పక్కవాడి పాటకి బాగుందా అని చూడు." పరామర్శకి వచ్చిన నాయకుడు కళ్ళు తుడుచుకుని వాళ్ళావిడతో చెప్పాడు, ఆయన దగ్గర నేర్చుకున్న చర్చి కోరస్ అమ్మాయిని బేస్‌కి తీసుకున్నానని, కీబోర్డుతో సరిపెట్టుకోనని. ఆమె గిటారు మీది దుప్పటి తీసి మడతపెట్టింది.

మీకు చెప్పకుండా ఆపుకున్న సంగతి ఒకటుంది. చల్లపల్లిలో ఆ డాన్సు పాట మొదలయ్యేసరికి నేను వేదిక దగ్గర లేను. అన్నిటికన్నా దూరంలో, షామియానా వెనక, భోజనాల పంక్తి దగ్గర ఉన్నాను. వడ్డించే ఆయన సాంబారు బకెట్టు కింద పెట్టి చెమట తుడుచుకుంటున్నాడు. బకెట్లో గరిటె అంచుకి తగిలి, ఎవరూ ముట్టుకోకుండానే సన్నగా మోగటం మొదలెట్టింది. అతను ఉలిక్కిపడి దాన్ని చేత్తో పట్టుకున్నాడు. పాట వస్తున్న వైపు ఓసారి చూశాడు. తర్వాత మెల్లిగా చెయ్యి తీసేసి, ఆ గరిటెని అలా మోగనిచ్చాడు.