పడమర దిక్కు కాలేజీ

ఉదయం ఐదింటికి ఇప్పటికీ మెలకువ వచ్చేస్తుంది. ఒకప్పుడు నా కూతురు పరుగు ప్రాక్టీసుకు గడియ తీసి వెళ్ళిన వేళ అది. ఇప్పుడు కొత్తగూడలో మేముండే ఈ అపార్ట్‌మెంటులో ఆ వేళకు ఎవరూ తలుపు తీయరు. అయినా చెవి ఆ చప్పుడు కోసం కాచుకుని ఉంటుంది. దయ్యాలు లేవని జీవితమంతా వాదించినవాణ్ణి. ఇప్పుడూ లేవనే అంటాను. నిద్ర మాత్రం పట్టదు.

అప్పట్లో బాలానగర్‌లో ఉండేవాళ్ళం. పిల్ల ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తేది. ఇంటర్ అయ్యాక రెండు కాలేజీల్లో సీటు వచ్చింది. ఒకటి గచ్చిబౌలిలో, స్టేడియం దగ్గర. రెండోది నగరానికి తూర్పున, ఉద్యోగాలు బాగా వస్తాయని పేరున్నది. తనకు మొదటిదే కావాలి. కారణాలు ఒక కాగితం మీద రాసిచ్చింది. తర్వాత చూస్తానని జేబులో పెట్టుకున్నాను.

ఆ వారంలోనే నా భార్య జ్యోతిష్యుణ్ణి అడిగొచ్చింది. పిల్లకు పడమర కలిసొస్తుందన్నాడట. బాలానగర్‌కు గచ్చిబౌలి పడమరే. నాకు ఒళ్ళు మండిపోయింది. గ్రహాలను చూసి కాలేజీలో చేర్పిస్తామా అని బంధువుల ముందు గంటసేపు వాదించాను. ఎవరూ నిలవలేకపోయారు. మర్నాడే తూర్పు కాలేజీలో చేర్పించి వచ్చాను.

పిల్ల ఒక్కటే అడిగింది. “ఆయన చెప్పకముందే నేను చెప్పిన గద నాన్నా. నా మాటను గూడ గ్రహాలల్ల కలిపినవా?”

ఆ రోజు సాయంత్రం కాగితం తీసి చదివాను. ట్రాక్ నడిచి పోయేంత దూరం. కోచ్ రోజూ అక్కడే ఉంటారు. పోటీలకు వెళ్తే హాజరు కోయరు. హాస్టల్లో రోజూ గుడ్డు పెడతారు. సీనియర్ అక్కలు ముగ్గురు అక్కడే చేరారు, వాళ్ళను అడిగి కనుక్కుంది. ఎక్కడా నమ్మకం అన్న మాట లేదు, అన్నీ రుజువులే. అప్పటికీ సీటు మార్చుకునే గడువు ఉంది. గెలిచిన వాదం వెనక్కి తీసుకోలేక ఊరుకున్నాను.

ఆ కాలేజీలో గ్రౌండ్ లేదు. పొద్దున బస్సు ఆరింటికే వచ్చేది, ప్రాక్టీసుకు వేళ ఉండేది కాదు. రాష్ట్ర పోటీలకు సెలవివ్వలేదు. రెండో ఏడు పరుగుకు వేసుకునే తన స్పైక్స్ బూట్లు ఇంకో అమ్మాయికి ఇచ్చేసింది.

ఇప్పుడు ఆమెకు గచ్చిబౌలిలోనే ఉద్యోగం. పోయిన వారం ఆమెను స్కూటర్ మీద దింపడానికి వెళ్తుంటే స్టేడియం దగ్గర సిగ్నల్ పడింది. కంచె అవతల అమ్మాయిలు పరుగు తీస్తున్నారు. జ్యోతిష్యుడు ఏం చెప్పినా తప్పే అనుకోవడం కూడా మూఢనమ్మకమే, తప్పు నాదే అన్నాను. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

ఆమె కంచె వైపే చూస్తోంది. “ఆ చివరి పిల్ల మోచేతులు బయటికి పెడతది. ఆఖరి రౌండ్ల అలిసిపోతది,” అంది. నా భుజం తట్టి, “గ్రీన్ పడ్డది నాన్నా. పోనియ్.”