జనరేటర్ పక్క గదికి టీకా

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఊరవతలికి తరలిపోయాక కొత్తపేటలో మంచి బొప్పాయి దొరకడం లేదు. దొరుకుతుంది గానీ, అది బొప్పాయి అని అమ్మేవాడు చెబితేనే తెలుస్తుంది. మార్కెట్ పోయినందుకు మా అపార్ట్‌మెంట్‌లో అందరూ సంతోషించారు. లారీలు లేవు, ఈగలు లేవు, కుళ్ళిన బత్తాయిల వాసన లేదు. నేనూ సంతోషించాను. కాకపోతే పొద్దున్నే పండు తినే అలవాటున్న మనిషికి ఈగలు లేకపోవడం ఒక్కటే చాలదు.

మార్కెట్ ఉన్న రోజుల్లో నాకు బొప్పాయి తెచ్చిపెట్టింది మా వాచ్‌మన్. లారీలు దిగే వేళకు వెళ్ళి, గోరుతో గిల్లకుండా, తొడిమ దగ్గర వాసన చూసి ఏరుకొచ్చేవాడు. నేపాల్ కొండల్లో బొప్పాయి కాస్తుందో లేదో నేనెప్పుడూ అడగలేదు. అసలు అతను నేపాల్ వాడన్న సంగతే మాకు గుర్తుండేది కాదు. తొమ్మిదేళ్ళుగా మా గేటు దగ్గర ఉన్నాడు. అతనూ భార్యా సెల్లార్‌లో జనరేటర్ పక్క గదిలో ఉండేవాళ్ళు. గేటు, నీళ్ళ మోటారు అతనివి. మెట్లు ఊడవడం, రెండిళ్ళలో అంట్లు ఆమెవి. ఇద్దరూ పోట్లాడుకునేటప్పుడు కూడా సగం తెలుగులోనే పోట్లాడుకునేవాళ్ళు. మనిషి ఇక్కడివాడు కావడానికి ఇంతకన్నా ఏం కావాలి అనుకునేవాళ్ళం.

ఇంకేం కావాలో ఆ ఏడాది తెలిసింది.

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో మా ఇరవై ఫ్లాట్లలో పదకొండింటికి లోపలినుంచి గడియ పడింది. పాల ప్యాకెట్లు, మందులు, ఒకరింటికి ఆక్సిజన్ సిలిండరు, అన్నీ గుమ్మాల దాకా మోసింది ఇతనే. మేము తలుపు సందులోంచి "అక్కడ పెట్టి దూరం జరుగు" అనేవాళ్ళం. ఆ జాగ్రత్త అతని మంచికేనని మా ఉద్దేశం. అతనికి జబ్బు రాలేదు. వచ్చిందేమో, చెప్పలేదు. మేము అడగలేదు.

అది సద్దుమణిగాక సెల్లార్‌లో కుర్చీలు దూరదూరంగా వేసుకుని అసోసియేషన్ మీటింగు పెట్టాం. మా ప్రెసిడెంటు గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రిటైర్డ్ బ్యాంకు మేనేజరమ్మ. సెక్రటరీని నేను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పోటీ పరీక్షల పిల్లలకు రీజనింగ్ చెబుతాను. కాకులన్నీ నల్లనివైతే, నల్లనివన్నీ కాకులా కాదా తేల్చే శాస్త్రం అది. అందుకని రూలు రాసే పని నాకు అప్పగించారు. "టీకా సర్టిఫికెట్ లేనివారు గేటు లోపల ఉండరాదు" అని రాశాను. ఎక్కడా సందు లేదు. లామినేషన్ చేయించి గేటుకు కట్టాం. పనిమనుషులు, కొరియర్ వాళ్ళు, కేబుల్ మనిషి, ఎవరొచ్చినా ఫోన్లో సర్టిఫికెట్ చూసి లోపలికి పంపే బాధ్యత వాచ్‌మన్‌ది. అతను దాన్ని ఎంత నిష్ఠగా చేశాడంటే, మా బావమరిదిని సిగ్నల్ దొరికే దాకా పావుగంట ఎండలో నిలబెట్టాడు. ఆ విషయంలో నేను జోక్యం చేసుకోలేదు.

ఫ్లాట్ల వాళ్ళ సర్టిఫికెట్లు సేకరించింది నేనే. 101 నుంచి 504 దాకా ఒక్కో నంబరు ఎదుట టిక్కు పెట్టుకుంటూ పోయాను. వార్డు నుంచి సర్వేకు వచ్చినామె కూడా నా జాబితానే రాసుకుని వెళ్ళిపోయింది. జనరేటర్ పక్క గదికి నంబరు లేదు.

ఈ లోటు కనిపెట్టింది మాలో ఎవరూ కాదు. ఒక ఆదివారం నేనూ ప్రెసిడెంటు మేడమూ గేటు దగ్గర నిలబడి డ్రైనేజీ గురించి మాట్లాడుకుంటున్నాం. వాచ్‌మన్ ఒక కొరియర్ మనిషిని ఆపాడు. ఆ మనిషి అప్పటికే ఆ రోజు పది గేట్ల దగ్గర ఆగి వచ్చినట్టున్నాడు.

"నన్నడుగుతున్నవ్, మరి నీదేది? ముందుగాల నీది చూపెట్టు."

వాచ్‌మన్ నా వైపు చూశాడు. మేడం నా వైపు చూసింది. ఈలోగా కొరియర్ మనిషి లోపలికి వెళ్ళిపోయాడు.

"ఏవండీ మాస్టారూ, ఇతనికి వేయించలేదా?"

"వేయించుకున్నాడనుకున్నా మేడం."

"అనుకున్నారా? రూలు రాసింది మీరే కదండీ!"

"నేను పోయిన సాబ్," అన్నాడు వాచ్‌మన్, మా ఇద్దరి మధ్యా తగువు పెట్టినందుకు తనే నొచ్చుకుంటూ. "మూడుసార్లు పోయిన. ఆధార్ అడుగుతున్రు. నాకు లేదు గద. నేను నేపాల్ గద సాబ్."

ఇన్నేళ్ళలో ఒక కార్డు సంపాదించలేకపోయావా అన్నాను.

"ఇక్కడోన్నని రాయించి ఇప్పిస్తమన్నరు సాబ్ ఒకలు. అబద్ధం గద, వద్దన్న."

మేడం కాసేపు లామినేషన్ వైపు చూసింది. "చూడండి మాస్టారూ, నాకు ఇతని మీద కోపమేం లేదు. కానీ ఈ రూలు చూపించే గదా ఇద్దరు పనిమనుషుల్ని మాన్పించాం. రేపు వాళ్ళొచ్చి అడిగితే నేనేం చెప్పను? నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికీ కాకపోతే ఏజెన్సీ నుంచి వేరే మనిషిని తెచ్చుకుందాం. మీరే చెప్పండి, తప్పంటారా?"

రూలులో సందు లేదు మరి. నెలాఖరుకు పన్నెండు రోజులుంది. వాచ్‌మన్ ఉద్యోగం పోతే గదీ పోతుంది. రెండూ ఒకే తాళం కింద ఉన్నాయి.

మర్నాడు క్లాసుకూ క్లాసుకూ మధ్య స్టాఫ్ రూములో ఫోను ముందేసుకుని కూర్చున్నాను. ఇక్కడ ఉంటున్న విదేశీయులకు కూడా టీకా ఇస్తారని అప్పటికే ప్రకటన వచ్చింది. టీకా పోర్టల్లో పాస్‌పోర్టు నంబరు కొడితే చాలు. ఇంత సులువా అనుకుని వాచ్‌మన్‌కు ఫోన్ చేశాను.

"నీకు పాస్‌పోర్టు ఉందా?"

"ఎందుకు సాబ్? నేను ఫారిన్ పోతలేను గద."

నిజమే. నేపాల్ నుంచి ఇక్కడికి రావడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. ఒక బస్సు దిగి, సరిహద్దు దాకా నడిచి, అవతల ఇంకో బస్సెక్కితే సరిపోతుంది. అందుచేత పరిస్థితి ఏమిటంటే, మనవాడిగా టీకా వేయించుకోవాలంటే ఆధార్ చూపాలి, పరాయివాడిగా వేయించుకోవాలంటే పాస్‌పోర్టు చూపాలి. మా వాచ్‌మన్ మనవాడు కాడు. పరాయివాడనడానికి రుజువూ లేదు. ఇలాంటి ప్రశ్నకు మేము పరీక్షలో "పైవేవీ కావు" అని నాలుగో జవాబు ఇస్తాం. పోర్టల్లో ఆ సౌకర్యం లేదు.

ఎల్బీనగర్ దాటాక ఒక చిన్న సర్కారు దవాఖాన ఉంది. అక్కడి నర్సమ్మది నల్లగొండ. మాదీ నల్లగొండే అని నేననగానే కాస్త మెత్తబడింది, పూర్తిగా కాదు.

"కార్డు లేనోల్లకు సుత ఏస్తున్నం సార్. గాని ఎరికున్నోల్లు పూచీ ఉండాలె. మీ అపార్ట్‌మెంట్ లెటర్ మీద రాసి, ముద్ర గొట్టి తీస్కరాండ్రి. ఆల్ల దేశం కాయితమేదన్న ఉంటె ఫోటో తెప్పియ్యిండ్రి. డాక్టరమ్మకు చూపెడ్త." తర్వాత ఏదో గుర్తొచ్చి నవ్వింది. "మొన్న నాదర్‌గుల్ దిక్కెల్లి విమానం నేర్సుకునే పిలగాడొచ్చిండు. ఏ దేశమో నాకు నోరు తిరగలే. పాస్‌పోర్టు చూపెట్టిండు, ఐదు నిమిషాల్ల పోయిండు."

వాచ్‌మన్ పౌరసత్వం కాగితం వాళ్ళ ఊళ్ళో, అన్నగారింట్లో, ఒక పెట్టెలో ఉంది. అన్నగారు దాన్ని బయటకు తీయాలి, ఫోటో తీయాలి, సిగ్నల్ ఉన్న గుట్ట ఎక్కాలి. వారం పట్టింది. ఆ వారంలో వాచ్‌మన్ గేటు దగ్గర అందరి సర్టిఫికెట్లూ యథాప్రకారం తనిఖీ చేశాడు. ప్రతి పూటా నేను గేటు దాటేటప్పుడు లేచి నిలబడి ఫోను వైపు చూసి, లేదన్నట్టు తల ఊపేవాడు. చివరికి ఫోటో వచ్చింది. ఒక మూల అన్నగారి బొటనవేలు, ఇంకో మూల మేక చెవి, మధ్యలో హిందీ అక్షరాల్లాంటి అక్షరాల్లో కాగితం. నేను మేక చెవి చూసినంత శ్రద్ధగా కాగితం చూడలేదు.

లెటర్ మాత్రం శ్రద్ధగా రాశాను. "ఈ వ్యక్తి మాకు తొమ్మిదేళ్ళుగా సుపరిచితుడు, నమ్మకస్తుడు, సత్ప్రవర్తన గలవాడు." ప్రెసిడెంటు మేడం దాన్ని రెండుసార్లు చదివింది.

"సంతకం నాది కదండీ మాస్టారూ. రేపేదైనా అయితే?"

"టీకాయే కదా మేడం, లోను కాదు."

"లోనయితే ఇంత ఆలోచించనండీ. తాకట్టు ఉంటుంది."

అని, పెట్టింది. ముద్ర కూడా తనే వేసింది, నిటారుగా.

నెలాఖరుకు ఇంకో రెండు రోజులుందనగా వాచ్‌మన్‌ను స్కూటర్ ఎక్కించుకుని వెళ్ళాను. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నర్సమ్మ లెటర్ చదివి "మంచిగ రాసిన్రు సార్" అంది. తర్వాత అతని ఫోను తీసుకుని ఫోటో పెద్దది చేసింది. లెటర్ చూసింది, ఫోను చూసింది, మళ్ళీ లెటర్ చూసింది.

"సార్, లెటర్ల ఒక పేరుంది, గిండ్ల ఇంకో పేరుంది. ఇద్దర్ల సూది ఎవలికి?"

నాకు అర్థం కాలేదు. ఆమె అతని వైపు తిరిగింది. "నీ పేరేంది?"

అతను చెప్పాడు. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. ఫోన్లో ఉన్న పేరూ అదేనట.

"మరి ఈ లెటర్లున్నాయనెవలు?"

"పాత వాచ్‌మన్ అమ్మా. నాకంటె ముందుగాల ఉండె. నేనొచ్చినంక సుత అట్లనే పిలుస్తున్రు."

మా వీధిలో ఇది కొత్తేమీ కాదు. వాచ్‌మన్ మారతాడు, పేరు మారదు. మోటారు స్విచ్చు ఎక్కడుందో, ఏ ఫ్లాటు కారు ఎక్కడ పెట్టాలో చెప్పి, పేరు కూడా ఆ చార్జితోనే అప్పగిస్తాం. కొత్తగా వచ్చినవాళ్ళకు అలవాటవుతుంది. మాకైతే అలవాటు చేసుకోవలసిన పనే ఉండదు. ఇదంతా నర్సమ్మకు వివరించవచ్చు గానీ, వివరిస్తే బాగుండదనిపించింది.

"నాకు చెప్పొద్దా మరి?" అన్నాను వాచ్‌మన్‌తో, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"చెప్పిన సాబ్. మొదటి నెల చెప్పిన."

నర్సమ్మ లెటర్ మడిచి నా చేతిలో పెట్టింది. "సుపరిచితుడట!" అంది, ఎవరితోనూ కాదు. "సరిగ్గ రాస్కొని రేపు పొద్దుగాల రాండ్రి. కార్డు లేనోల్ల లైను రేపొక్కరోజే. ఎల్లుండి నుంచి నేనేం చెయ్యలేను."

తిరిగి వచ్చేటప్పుడు మెట్రో స్తంభాల కింద సిగ్నల్ పడింది. వెనక సీటు నుంచి అతనడిగాడు. "సాబ్, మేడం మల్ల సంతకం పెడ్తదా?"

"పెడతది."

"పెట్టకపోతె చెప్పుండ్రి సాబ్. సామాను సర్దుకునేటందుకు ఒకరోజు కావాలె."

మేడం తలుపు తీసి కాగితం చూడగానే "మళ్ళీ ఏంటండీ?" అంది.

"పేరు తప్పు పడింది మేడం."

"టైపింగా?"

"కాదు. మనదే."

విషయం చెప్పాను. ఆమె కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "నా ఫోన్లో కూడా ఆ పేరుతోనే ఉందండీ," అంది మెల్లగా. పెన్ను తీసి కొత్త లెటర్లో "సుపరిచితుడు" అన్న మాట కొట్టేసి, పైన "పనిచేస్తున్నాడు" అని రాసింది. అప్పుడు సంతకం పెట్టింది. బ్యాంకులో అన్నేళ్ళు చేసిన మనిషి, రుజువు లేని మాట కింద సంతకం పెట్టడానికి చెయ్యి రాదు.

మర్నాడు నర్సమ్మ గుమ్మంలోకి వచ్చి అతని పేరు పిలిచింది. అతను ఒక క్షణం ఆగి లేచాడు. సూది పడటానికి పట్టిన సమయం, చొక్కా చెయ్యి మడవడానికి పట్టిన దాంట్లో సగం కూడా లేదు. అరగంట వరండాలో కూర్చోబెట్టారు. ఆ అరగంటలో అతని ఫోనుకు ఇంగ్లిషులో సర్టిఫికెట్ మెసేజ్ వచ్చింది. దాన్ని తెరిచి రెండుసార్లు చదువుకున్నాడు. అతనికి ఇంగ్లిషు చదవడం రాదనుకుని అంతకుముందు రోజు దాకా నేనే బోర్డులు చదివి చెబుతున్నాను.

"అయితే ఇగ మేము పోవుడు లేదు గద సాబ్?"

"లేదు. ఎవరూ పొమ్మనరు."

గేటు దగ్గర స్కూటర్ ఆపేసరికి అతని భార్య ముందు మెట్లు కడుగుతోంది. మమ్మల్ని చూసి చీపురు పట్టుకునే నిలబడింది. అతను దిగి ఫోను చూపించాడు. ఆమె సర్టిఫికెట్ మీద ప్రధానమంత్రి ఫోటో చూసింది, మొగుడి పేరు చూసింది, సూది పడ్డ చోట చొక్కా పైనుంచే వేలితో తాకి చూసింది. ఒక లెక్క తేలినప్పుడు క్లాసులో ఎలా ఉంటుందో నాకు అలా ఉంది.

"అయిపోయిందమ్మా," అన్నాను. "మీ ఆయనకు సర్టిఫికెట్ వచ్చేసింది. ఇక మీకు ఏ ఫికరూ లేదు."

ఆమె చీపురు గోడకు ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మరి నాకు సాబ్? నేనేమన్న హైద్రబాద్‌దాన్నా?"